రాయి రాయైపోయిన రోజు

ఆ రోజుల్లో మా గిద్దలూరు వైపు తెలుగు పండితుడి చదువు పూర్తిచేసి వచ్చిన కుర్రవాణ్ణి గుర్తుపట్టడం చాలా తేలిక. నడి ఎండాకాలంలో కూడా మెడచుట్టూ కండువా ఉండేది. ఎవరేం మాట్లాడినా పూర్తిగా వినకముందే అందులో ఒక మాట పట్టుకుని దాని తాతముత్తాతల దాకా వెళ్ళేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అదొక రకం జబ్బు. కొందరు పిల్లలకు పెరట్లో మొక్క కనబడితే చాలు, పీకి వేరు చూడాలి. మొక్క చచ్చినా ఫరవాలేదు. నాకు మాటల విషయంలో ఆ జబ్బు బాగా ముదిరింది. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా అంతటి పండితుడు ఇంకొకడు లేడని జనం చెప్పుకునేవాళ్ళు. (జనం అంటే నేనే. ఈ వయసులో అబద్ధాలు మోసుకు తిరగడం కష్టం కనుక ఎక్కడి బరువు అక్కడ దించుకుంటూ పోతాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.)

అప్పటికి నాకు పుల్లలచెరువు అవతల అడవి అంచున ఉన్న ఊళ్ళో పంతులు ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్ళో నీళ్ళకు కరువు గానీ నేను వెళ్ళాక మాటలకు కరువు లేకపోయింది. సెలవులకు ఇంటికి వస్తే మా అమ్మ "ఒరే, రెండు చెంబులు నీళ్ళు తోడిపెట్టరా" అనేది. నేను చెంబు చేత్తో పట్టుకునే, చెంబు అన్న మాట ఎక్కడ పుట్టి ఉంటుందో చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. నీళ్ళు వచ్చేవి కావు. మా నాయన మాట తక్కువ మనిషి. మెట్ట చేను దున్ని దున్ని, వాన కోసం చూసి చూసి, అనవసరంగా ఏదీ ఖర్చు పెట్టకూడదన్న అలవాటు మాటలక్కూడా పట్టుకుంది. ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "వీనికి పెళ్ళి చేసేద్దామే. వినేదానికి ఇంకొక మనిషి వస్తది, మనకు తెరిపిస్తది" అన్నాడు. నా పెళ్ళి ప్రయత్నం అలా, లోకకల్యాణం కోసం మొదలైంది.

సంబంధం మార్కాపురం నుంచి వచ్చింది. పిల్ల తండ్రికి ఊరి బయట తర్లుపాడు రోడ్డు మీద పలకలు చేసే షెడ్డు ఉంది. ఇల్లూ షెడ్డూ ఒకే ఆవరణలో. ఆయన్ని మా ఇంట్లో రాళ్ళ మామ అనేవాళ్ళం. ఏదో దూరపు వరస. మనిషి కనుబొమల మీద ఎప్పుడూ పలక పొడి ఉండేది, దాంతో ముప్పొద్దులా ఆశ్చర్యపోయి ఉన్నట్టు కనిపించేవాడు. కబురు రాగానే నేను అమ్మ ముందు "పెద్దవాళ్ళ ఇష్టం" అని తల వంచుకున్నాను గానీ, లోపల గుండె సన్నాయి వాయించింది. ఎందుకంటే ఆ పిల్లను నేను అప్పటికే చూశాను. మార్కాపురం బస్టాండులో, పలకల మూటకు లగేజీ టిక్కెట్టు కొట్టాలన్న కండక్టరుతో పోట్లాడుతోంది. "మూటను ఒళ్ళో పెట్టుకుంటా, పసిబిడ్డకు టిక్కెట్టు కొడతావా అన్నా?" అంది. ఆ కండక్టరు విజిల్ ఊదాడు. ఆమె నన్ను చూసి చిరునవ్వు నవ్వింది కూడా. (నవ్వలేదు. నా వెనక గోడమీద ఉన్న గడియారం చూసుకుంది.)

అయితే ఆ ఇంట్లో ఒక ఆచారం ఉందని కబురు తెచ్చిన మనిషే చెప్పాడు. పిల్లను చూడ్డానికి వచ్చిన అబ్బాయి పలహారం తిని లేచిపోతే కుదరదు. షెడ్డులో కూర్చుని, ఉలీ సుత్తీ పట్టుకుని, పలక రాయి ఒకటి పొర విడదీసి చూపించాలి. బలంతో పనిలేదట. అంచున సన్నగా తడుతూ పోతే రాయే పుస్తకంలా విచ్చుకోవాలట. తొందరపడ్డవాడి చేతిలో ముక్కలవుతుంది, భయపడ్డవాడి చేతిలో అసలు విడదు. "చేతిలో ఓపికుంటే సంసారంలో ఉంటది" అన్నది రాళ్ళ మామ సిద్ధాంతం. తరతరాలుగా వస్తున్న ఆచారం అని చెప్పారు. (ఆయన పెద్ద కూతురి పెళ్ళినాడు మొదలైన ఆచారమని తర్వాత తెలిసింది. అయినా ఆచారానికి వయసడిగితే మర్యాదగా ఉండదు.) అన్నిటికంటే చేదు కబురు ఏమిటంటే, అంతకు ముందు ఆదివారమే కురిచేడు నుంచి మిరపకాయల వ్యాపారం చేసే కుర్రాడొకడు వచ్చి, రాయిని అప్పడాల కట్టలా విడదీసి పెట్టి వెళ్ళాడు. నా రాయి గనక విడకపోతే పిల్ల కురిచేడు పోతుంది. విషయం అంత సూటిగా ఉంది.

నాకు సాయం మా అక్క మొగుడు. ఆయన్ని చాటున అన్నీతెలుసు బావ అనేవాళ్ళం. ఆయనకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు, తెలిసిన పని మాత్రం ఒక్కటీ లేదు. "రాయి కొట్టేది ఒక విద్యనా బామ్మర్ది! రా, నేర్పిస్తా" అని మా పెరట్లో బావి దగ్గరున్న బట్టలుతికే బండ ముందు కూర్చోబెట్టాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆ బండ నా దెబ్బలకు వణికిపోయింది. (ఒక మూల చిన్న పెచ్చు లేచింది. అది ఉలి దెబ్బకు కాదు, సుత్తి చేయిజారి పడితే.) మా అమ్మ ఆ మూల తడిమి చూసి, "పెళ్ళి కాకముందే ఇల్లు పగలగొడ్తాండావేందిరా, అయినంక ఏం చేస్తావు?" అంది. బావ మాత్రం "చెయ్యి తిరిగింది అత్తా, ఇంక భయం లేదు" అన్నాడు. తిరిగిన మాట నిజమే, మణికట్టు బెణికి ఒక వైపుకు తిరిగింది. అమ్మ ఆవనూనె రాసింది.

వైశాఖ మాసంలో ఒక ఆదివారం నాయనా, నేనూ, బావా బయలుదేరాం. నడుం నొప్పి వల్ల అమ్మ రాలేదు. పొద్దున బస్సు ఎన్నడూ లేనిది వేళకంటే ముందే దింపేసింది. మేం వెళ్ళేసరికి రాళ్ళ మామ ఇంకా బనియన్‌తోనే ఉన్నాడు. కంగారుపడి, "రా బావా, రా. పిల్లోళ్ళు నీడలో కూర్చుంటారులే, మనం బజారుకు పోయొద్దాం, మిఠాయి తేవాల" అని నాయనను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. పిల్ల నాయనమ్మ వసారాలో మంచం మీద పడుకుని ఉంది. నేనూ బావా షెడ్డులోకి నడిచాం. మధ్యలో పీట వేసి, పక్కన ఉలీ సుత్తీ పెట్టారు. వాటికి పసుపు బొట్లు కూడా పెట్టారు. ఆ పక్కనే, నీళ్ళోడుతున్న గోనెసంచి కప్పి, ఒక రాయి.

బావ గోనె ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "ఏంది బామ్మర్ది ఇది? శుభమా అని మనమొస్తే తడిగోనె కప్పి పెట్టినారు!"

"ఏదన్నా కారణముంటదిలే బావా."

"కారణమే! నిన్ను ఓడించేదే కారణం. తడి రాయి మీద ఉలి నిలుస్తదా? జర్రున జారతది. కురిచేడు వానికి ఎండిన రాయిచ్చుంటారు, నీకు తడిది పెట్టినారు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలియందేముంది?"

ఇక్కడ తప్పంతా బావ మీదకు నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే చేశాను. నిజం ఏమిటంటే, బావ అనుమానం మాత్రమే పడ్డాడు. దానికి శాస్త్రం కట్టినవాణ్ణి నేను. "నువ్వన్నది సబబే బావా. తడి అప్పడాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆరినవి విడివిడిగా వస్తాయి. రాయిలో పొరలూ అంతే" అన్నాను. ఎంత అందంగా ఉందో చూడండి. ఇద్దరం కలిసి గోనె తీసి అవతల పారేశాం. నా కొత్త కండువాతో రాయిని పసిబిడ్డకు స్నానం చేయించినట్టు తుడిచాం. బూడిదరంగు చారలతో కండువా పనికిరాకుండా పోయింది. తర్వాత చెరొక వైపు పట్టి, షెడ్డు ముందు గచ్చు మీద, మార్కాపురం ఎండ ఎక్కడ పూర్తిగా పడుతుందో అక్కడ పెట్టాం. వసారాలో అవ్వ ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసి మళ్ళీ మూసుకుంది.

చదివేవాళ్ళలో మార్కాపురం వాళ్ళెవరైనా ఉంటే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళకు చెబుతాను. గనిలోంచి తీసిన పలక రాయిలో ఒక పచ్చిదనం ఉంటుంది. ఆ తడి ఉన్నంతసేపే పొరలు ఒకదాన్నొకటి వదులుతాయి. గాలి సోకి, ఎండ తగిలి అది ఆరిపోయిందా, పొరలన్నీ బిగుసుకుని ఒకటే ముద్ద అవుతాయి; ఆ తర్వాత నీళ్ళలో ముంచి ఉంచినా లాభం లేదు. అందుకే రాయి దిగిన క్షణం నుంచి ఉలి పడేదాకా గోనెలు కప్పి, నీళ్ళు చిలకరిస్తూ, బాలింతను చూసుకున్నట్టు చూసుకుంటారు. అంటే అక్కడి వాళ్ళ లెక్కలో గనిలోంచి వచ్చింది ఇంకా పూర్తిగా రాయి కాదు. ఆరితేనే రాయి. నన్ను గెలిపించాలని రాళ్ళ మామ గనిలో నిలబడి ఏరి తెచ్చిన మెత్తని ముక్క అది. దాన్ని మేం గచ్చు మీద వడియంలా ఆరబెట్టాం.

అయినా అప్పటికప్పుడు పని మొదలుపెట్టి ఉంటే కొంచెం తడి మిగిలి ఉండేదేమో. మిగలనివ్వలేదు నేను. బజారు నుంచి పెద్దలు వచ్చారు, కాళ్ళు కడుక్కున్నారు, చాపల మీద కూర్చున్నాం. పళ్ళెంలో మిఠాయి, కారప్పూస పట్టుకుని ఆ పిల్ల వచ్చింది. బస్టాండులో కండక్టరు నోరు మూయించిన మనిషేనా అనిపించేలా తల వంచుకుని వచ్చి, నా ముందుకు వచ్చేసరికి కళ్ళెత్తి నేరుగా చూసింది. సగం తీసుకున్న కారప్పూస నా చేతిలోనే ఉండిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు, ఈగ ఒకటి వచ్చి కారప్పూస మీద కూర్చుని తీరిగ్గా తిని వెళ్ళిందని బావ ఇప్పటికీ చెబుతాడు. (ఈ ఒక్క విషయంలో బావ అబద్ధమాడలేదు.)

"ఏంది నాయనా, అట్ల బండబారిపోయినావు?" అన్నాడు రాళ్ళ మామ.

అందరూ నవ్వారు. ఆమె పెదవి బిగబట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. పైట చెంగు కనిపిస్తూనే ఉంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. అలాంటప్పుడు మామూలు మనిషి మంచినీళ్ళు అడుగుతాడు. నేను గొంతు సవరించుకుని, "బండబారడం అన్నారు కదా మామా, అది చాలా గొప్ప మాట" అన్నాను. మా నాయన కళ్ళు మూసుకున్నాడు.

ఇంక అక్కడి నుంచి నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. సంస్కృతంలో దీన్ని శిలీభవనం అంటారు అన్నాను. శిలకు చివర 'చ్వి' అని ఒక ప్రత్యయం చేరుతుంది. చేరి, శిల చివరనున్న ఆకారాన్ని ఈకారం చేసి, తాను మాత్రం ఆనవాలు కూడా లేకుండా మాయమైపోతుంది అన్నాను. "పెళ్ళిపనుల్లో మా బావ మాదిరి. వస్తాడు, అందరినీ అటూ ఇటూ మారుస్తాడు, తర్వాత వెతికితే ఉండడు" అని ఉదాహరణ కూడా ఇచ్చాను. బావ పెద్దగా నవ్వి, అర్థమయ్యాక ఆపేశాడు. ఈ ప్రత్యయాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు, ముందు రాయి కానిది తర్వాత రాయి అయినప్పుడే వాడాలి అని నియమం చెప్పాను. అక్కణ్ణుంచి స్తంభించడం దగ్గరికి వెళ్ళాను. "స్తంభించడం అంటే స్తంభమైపోవడమే మామా. రాజుల ఇళ్ళలో రాతి స్తంభాలుంటాయి కనుక వాళ్ళు స్తంభించేవాళ్ళు. మన ఇళ్ళలో కొయ్య గుంజలు, కాబట్టి మనం కొయ్యబారతాం."

"మరి కీళ్ళు బిగదీసుకపోతే ఏమంటారు మనవడా?" అని మంచం మీంచి అవ్వ అడిగింది.

"అది వేరే అవ్వా, వాతం."

"పేరేదైతేనేం, మందు చెప్పు."

మందు నాకు తెలియదు కనుక బండబారడంలోకి దూకాను. ఆ మాటలో ఉన్న 'బారడం' వేరే ఏదో కాదు, నీళ్ళు పారడమే అన్నాను. నల్లబారడం, ఎర్రబారడం, మొద్దుబారడం, అన్నిటిలోనూ ఉన్నది ఆ పారుడే. "చూడండి మామా, మన పెద్దల ఆలోచన! మనిషి ఒక్కసారిగా రాయైపోడు. కాలువలో నీళ్ళు పారినట్టు మెల్లగా పారి పారి, ఆ పారుడు ఆగిపోయిన చోట బండవుతాడు. రాయి అంటే ఏంది? పారకుండా నిలిచిపోయింది!" ఈ ముక్క అంటున్నప్పుడు నా చేయి గాల్లో తిరిగి షెడ్డు వైపు చూపించింది. అక్కడ నేను చూపించిన చోటే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, రాయిలో మిగిలిన ఆఖరి తడి కూడా నా మాటలు వింటూ ఆరిపోతోంది. నా వాక్కుకు అందరూ మైమరచిపోయారు. (బావ నిద్రపోయాడు. రాళ్ళ మామ కనుబొమలతో ఆశ్చర్యపోతూ, కళ్ళతో ఆవులిస్తున్నాడు. చివరిదాకా మెలకువగా విన్నది తలుపు చాటునున్న పైట చెంగొక్కటే.)

నాయన లేచి, "బావా, రాయి పని కానిద్దాం. లేకుంటే వీడు ఇసక దాకా పోతాడు" అన్నాడు.

పీట మీద కూర్చున్నాను. రాయి అక్కడ లేకపోయేసరికి రాళ్ళ మామ అటూ ఇటూ చూస్తుండగానే బావ చటుక్కున బయటికి వెళ్ళి, గచ్చు మీంచి ఎత్తుకొచ్చి నా ముందు పెట్టాడు. చేతులు కాలి ఊదుకున్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకుని, ఉలి అంచున ఆనించి సన్నగా తట్టాను. టింగుమంది. ఇంకొకచోట తట్టాను. గుడిగంటలా ఇంకా బాగా మోగింది. చుట్టూ తట్టాను. సంగీతం తప్ప ఏమీ రాలేదు. చెమట ఉలి మీద కారింది. ఓపిక చూపించాలి కదా అని చిరునవ్వు నవ్వుతూ తట్టాను. బట్టలుతికే బండ మీద నేర్చుకున్న దెబ్బ ఒకటి వేశాను. ఒక పెచ్చు లేచి వెళ్ళి బావ మోకాలికి తగిలింది.

"నిలుపు నాయనా" అని రాళ్ళ మామ వంగి రాయి మీద అరచేయి పెట్టాడు. వెంటనే తీశాడు. ఆ మొహం నేను మరిచిపోలేను. కోపం కంటే ముందు బాధ కనిపించింది, ఎవరో పచ్చికాయలు రాల్చేసిన చెట్టును చూసిన తోటమాలి మొహంలా. "ఎవురు తీసినారు గోనె? ఎండలో ఎవురు పెట్టినారు దీన్ని?"

బావ షెడ్డు కప్పులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. వసారా నుంచి అవ్వ అంది. "ఆ పిల్లోళ్ళిద్దరే పెట్టినారురా. పాపం తలంటి పోసినట్టు తుడిచినారు. వాళ్ళ తట్టు ఏమన్నా మొక్కుబడేమోలే అని ఊరుకుంటిని."

"నేనే మామా. తడిగా ఉంటే విడదనుకున్నా" అన్నాను.

"తడి ఉంటేనే కదా నాయనా విడేది! ఆరినంక ఇది రాయైపోతది. ఇంకేముంది దీంట్లో!"

అప్పుడు తలుపు చాటు నుంచి గొంతు వచ్చింది. మొదటిసారి నాతో మాట్లాడటం. "ముందు రాయి కానిది రాయైతేనే ఆ మాట వాడాలన్నారు కదండీ. మరి రాయే రాయైపోతే ఏమనాల?"

నాకు తెలిసిన వ్యాకరణమంతా ఒక్కసారి లోపల తిరగేశాను. ఎక్కడా లేదు. నా జన్మలో మొట్టమొదటిసారిగా, "నాకు తెలీదండీ" అన్నాను. రాళ్ళ మామ నా వంక అలా చూసి చూసి, భుజం మీద చెయ్యి వేసి, "బావా, రాయి పోతే పోయిందిగానీ, పిల్లోనికి ఇప్పుడు పొర విడింది. ముహూర్తం పెట్టించు" అన్నాడు.

ఈ కథ పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, బడి వార్షికోత్సవాల్లో ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేను. పొర విడింది అన్న మాట దగ్గర పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నది కూడా చూశాను. కానీ రాళ్ళ మామ ఆ మాట అనలేదు. ఆయన మొహం నేను ఎన్నిసార్లు చూసినా పొడి చల్లిన ఆ కనుబొమల ఆశ్చర్యమే తప్ప ఏమీ కనబడలేదు. ఆయన అన్నది ఇంతే: "సరే, లెయ్యండి, అన్నాలు తిందాం. తర్వాత కబురు చేస్తాంలే." కబురు చేస్తాం అంటే ఏమిటో పెళ్ళిచూపులకు వెళ్ళిన ఎవరినడిగినా చెబుతారు. చింతచిగురు పప్పు నాకు ప్రాణం, ఆ రోజు దాని రుచి కూడా తెలియలేదు. కురిచేడు వ్యాపారి మిరపకాయల బస్తాల మధ్య ఆ పిల్ల కూర్చుని ఉన్నట్టు కళ్ళముందు కనిపించింది, కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ మాత్రం మారు అన్నం పెట్టించుకున్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. తొట్టి వంటింటి కిటికీ కిందే ఉంది. లోపల తండ్రీ కూతుళ్ళు.

"రాయి విడలేదు కదమ్మా."

"విడేటట్టు చెప్పి పోయినావా నువ్వు? గోనె కప్పి బజారుకు పోతివి. మన తట్టు మనిషి కానోనికి ఎట్ల తెలుస్తది నాయనా?"

"కురిచేడు అబ్బాయి చూడు, ఎంత చక్కగా..."

"చీల్చినాడు. ఒప్పుకుంటా. వచ్చినాడు, చీల్చినాడు, గనిలో రాయి ఇంకా ఎన్నాళ్ళొస్తదని అడిగినాడు, పోయినాడు. నా దిక్కన్నా చూసినాడా? ఈయన నన్ను చూసి రాయైపోయినాడు. నువ్వే చెప్పు, ఎవురు నయం?"

లోపల గిన్నెలు చప్పుడయ్యాయి. నేను చెంబుతో చేతి మీద నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాను. తొట్టి ఖాళీ అవుతోంది.

"ఆయన నోరు ఊరుకునేటట్టు లేదమ్మా" అన్నాడు రాళ్ళ మామ చివరికి, అప్పుడే ఓడిపోయిన గొంతుతో.

"అది నాకొదిలెయ్ నాయనా."

(ఇంత తేటగా విన్నానా అంటే, లేదు. గిన్నెల చప్పుడులో మొదటి సగం విన్నాను. రెండో సగం ఆమే తర్వాత చెప్పింది. ఆమె కూడా కొంచెం పెంచే చెబుతుంది, నా సావాసం. ఇది రాస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మీరు కారప్పూస చేత్తో పట్టుకుని ఉన్నది మాత్రం తగ్గించొద్దు, ఇంకా చాలాసేపే ఉన్నారు" అంటోంది. నా నోరు ఊరుకోబెట్టే పని ఆమె ఇంకా పూర్తి చేయలేదు. ప్రయత్నం మాత్రం మానలేదు.)

సాయంత్రం బయలుదేరేటప్పుడు రాళ్ళ మామ బస్సు దాకా వచ్చి, నాయన చెవిలో ఏదో అన్నాడు. నాయన తలూపి, నా వంక తిరిగి, "ఎక్కు" అన్నాడు. ఆయన భాషలో అది చాలా పెద్ద శుభవార్త. బస్సు కదిలింది. బావ, తన వల్లే సంబంధం కుదిరిందని వెనక సీట్లో ఎవరో తెలియని మనిషికి వివరిస్తూ, వివరిస్తూనే నిద్రపోయాడు. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. రోడ్డుకు రెండు వైపులా కందికొయ్యలు నిలబడిన ఎండిన చేలు, వాటికి అవతల నల్లమల కొండలు నీలంగా. తర్లుపాడు దాటాం. నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నాయనకు భయం వేసినట్టుంది, "ఏందిరా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. "ఏం లేదు నాయనా" అన్నాను.

ఇప్పుడు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బస్సులో ఆనాటి ఆ కుర్రవాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చేల వంక చూస్తూ, తనలో తనే నవ్వుకుంటుంటాడు. పలక పొడి గోళ్ళలో ఉంటుంది. ముందు ముందు ఏమేం జరుగుతుందో అతనికి చెప్పవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ పలకరించానంటే, "పెద్దాయనా, ఇప్పుడు మీరొక మాట వాడారే" అని పట్టుకుని, కంభం వచ్చేదాకా వదలడు. అందుకని పలకరించను. కొంచెం పక్కకు జరిగి, గాలి తగిలేలా అతనికి కిటికీ వదిలేస్తాను.